లైసెన్సు లేని పేర్లు

జయపాల్‌కు ఆ పొద్దున ఉన్న పని చిన్నదే: రెండు సీడీలు రాసి జీపులో పెట్టడం.

అతను గద్వాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాడు. 2009లో తుంగభద్ర పొంగి అలంపూర్ వైపు ఊళ్లు మునిగాక, ఓ ఫంక్షన్ హాలులో పెట్టిన శిబిరంలో చేరి, తప్పిపోయినవాళ్ల కోసం ఒక ప్రోగ్రాం తయారుచేశాడు. పేరో, పచ్చబొట్టో కొడితే జాబితాలో వెతికి చూపిస్తుంది. వనపర్తి, కొల్లాపూర్ శిబిరాలకు కూడా అది చేరితే, ఇక్కడివాళ్ల జాడ అక్కడ తెలియవచ్చు. ఇన్నాళ్లకు ఆ పొద్దుననే దారీ తెరుచుకుంది, ఫోన్లూ పలికాయి.

"మా బుజ్జమ్మ పేరు ఎక్కిందా సారూ?" మల్లయ్య నాలుగోసారి అడిగాడు. కూలి చేసుకునే మనిషి. పడవ ఎక్కుతుంటే భార్య బుజ్జమ్మ చెయ్యి అతని చేతిలోంచి జారిపోయింది.

"ఎక్కింది మామా. ఎడమ చెయ్యి మీద నీ పేరు పచ్చబొట్టుందన్నవు గద, అది గూడ రాసిన."

సీడీ పెట్టబోతూ జయపాల్ మెయిల్ తెరిచాడు. అదే కొంప ముంచింది.

ఆ ప్రోగ్రాంలో సగం అరువు సరుకు. తెలుగు అక్షరాలు కొట్టే ముక్క ఒకరిది, పేర్లు వెతికే ముక్క ఇంకొకరిది. ఇద్దరూ ఉచితంగానే ఇచ్చారు. ఎందుకైనా మంచిదని హైదరాబాదు మిత్రులను అడిగితే ఇప్పుడు జవాబు వచ్చింది. రెండిటి లైసెన్సూ ఉచిత సాఫ్ట్‌వేర్‌కు పెట్టే జీపీఎల్లే. కానీ మొదటి ముక్కను దాని రెండో వెర్షను కిందే పంచాలి, రెండో ముక్కను మూడో వెర్షను కింద. ఒకదాని షరతులు ఇంకొకదానికి పొసగవు. కలిపి కుట్టి పంచితే లైసెన్సు రద్దు, వాడుకునే హక్కే పోతుంది.

జయపాల్ నియమం తప్పని మనిషి. అక్షరాల ముక్క రాసినాయనను అనుమతి అడుగుతూ మెయిల్ పెట్టి, శిబిరం పెద్ద తిరుపతయ్య దగ్గరికి వెళ్లాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు.

"సార్, జర ఆగాలె. లైసెన్సులు కలుస్తలేవు."

"ఫుకట్ల దొరికిందన్నవు గద? ఫుకట్ దానికి లైసెన్సేంది?"

"ఫుకట్టే సార్. గని ఇద్దరి షరతులు వేరె. పంచితె రద్దయితది."

తిరుపతయ్యకు 'రద్దు' అన్న మాట ఒక్కటే వినబడింది. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా తీసుకోని మనిషి. జీపు ఆపించి, మైకు అందుకున్నాడు.

"కంప్యూటర్ల లిస్టుకు లైసెన్సు లేదంట. ఎవ్వలు పరేషాన్ గావొద్దు!"

ఆ మాటతో అందరూ పరేషాన్ అయ్యారు. బియ్యం దింపడానికి వచ్చిన రేషన్ డీలరు వెంకట్రాములుకు లైసెన్సుల సంగతి బాగా తెలుసు. "లైసెన్సు రద్దయితె అంతా బందే. లిస్టుల పేరున్నోళ్ల కార్డులు గూడ పోతయి," అన్నాడు.

గంటలో హాలంతా వరుస కట్టింది, పేర్లు కొట్టేయించుకోవడానికి. రేణుకమ్మ కొడుకు పేరు తీయించింది. "మావోడు తప్పిపోలే సారు. ఎటో పోయిండు, వస్తడు." ఒకాయన కంగారులో తన తల్లి పేరుకు బదులు పక్కింటామె పేరు తీయించి, మళ్లీ వరుసలో నిలబడ్డాడు. జయపాల్ గొంతు పోయేదాకా నచ్చజెప్పాడు. "అడిగినోళ్లయి తీసెయ్ పా, గొడవొద్దు," అన్నాడు తిరుపతయ్య. మధ్యాహ్నం రెండయ్యేసరికి రెండు వందల పన్నెండు పేర్లలో బుజ్జమ్మది ఒక్కటే మిగిలింది.

"నువ్వు తీయించవా మామా?"

"తీస్తె పోయినట్టే గద సారు. కార్డు పోతె పోనీ."

అప్పుడే ఊళ్లలో మందులు పంచి వచ్చిన నర్సు కృప సంగతంతా విని నోరు తెరిచింది. "ప్రోగ్రాం పంపొద్దంటె పంపకన్నా. మనుషుల పేర్లకేం లైసెన్సు?"

జయపాల్ నెత్తి పట్టుకున్నాడు. లైసెన్సు ప్రోగ్రాంకే తప్ప దాంట్లోంచి వచ్చే జాబితాకు కాదు. ఆ సంగతి పిల్లలకు పాఠంగా చెప్పినవాడు తనే. కృప కొల్లాపూర్ దవాఖానలో పనిచేసే సరోజకు ఫోన్ కలిపింది. జయపాల్ ఉన్న ఒక్క పేరూ చదివాడు.

"ఎడమ చెయ్యి మీద మల్లయ్య అని పచ్చబొట్టుందా అన్నా?"

"ఉంది."

"మొన్న సోమశిల కాడ పడవోళ్లు తీసిండ్రు. ఎవలన్న వస్తరేమోనని ఈ పొద్దంత చూసినం. ఒంటిగంటకు బొంద పెట్టినం."

ఫోనులో మాట పక్కనే నిలబడ్డ మల్లయ్యకూ వినబడింది. అతను ఒక్కటే అడిగాడు. "మన్నెవలు పోసిండ్రంట సారు?"

పొద్దుట్నుంచీ ఆగి ఉన్న జీపు అతనొక్కణ్నీ ఎక్కించుకుని కొల్లాపూర్ వైపు కదిలింది.

సాయంత్రం అక్షరాల ముక్క రాసినాయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఎలాగైనా వాడుకోండి, ఆ లైసెన్సు నేను పూర్తిగా చదవనే లేదు, మొదట కనబడినదాన్ని పెట్టేశాను అని రాశాడు.

తిరుపతయ్య దాన్ని ప్రింటు తీయించి, సంతకం చేసి, రెండు కాపీలు ఫైల్లో పెట్టించాడు.