నిండు కడుపుతో మక్క చేనుకు

మొక్కజొన్న కంకులు కోసిన మక్క చేనును ఊరి పశువుల మేతకు విడవాలని ఆ పొద్దున సమ్మయ్య అనుకున్నాడు. బయ్యారం పక్కన వాళ్ల ఊళ్లో కోత అయిన చేను అందరిదీ. కాదన్నవాడికి పిసినారి అనే పేరు వస్తే ఇక జన్మలో పోదు.

చాయ తాగుతుండగా అటుగా వెళ్తున్న పశువుల డాక్టరు హర్షిణి చేను చూసి ఆగింది.

"వానలు లేక చేను ఎండింది, మీరేమో యూరియా దండిగ చల్లినరు. గిసువంటి చొప్పల నైట్రేట్ విషముంటది పెద్దయ్యా, మొదళ్లల్ల ఇంకా ఎక్కువ. ఆకలి మీదున్న పశువు తింటే ఊపిరాడక పడిపోతది. ముందుగాల వరిగడ్డితోని కడుపు నింపుండ్రి. గప్పుడు తోలినా, మొదళ్లు కొరకకముందే మళ్లగొట్టుండ్రి."

సమ్మయ్య చాయ గ్లాసు కింద పెట్టేశాడు. ఒక్క పశువు పోయినా పాపం తనదే. పరుగున తండా దారి పట్టి, మందతో ఎదురొచ్చిన పశువుల కాపరి వాల్యాతో "ఇయ్యాల పశువుల తోలకుండ్రి" అన్నాడు.

వాల్యా అదోలా చూశాడు. "చొప్ప ఎవలకన్న అమ్మినవా అన్నా?"

ఆ మాట సమ్మయ్యకు ముల్లులా గుచ్చుకుంది. "నేనట్లాంటోన్నారా? తోలుకరా! గని గడ్డి పెట్టి, కడుపు నింపి తోలుకరా!"

"మా తాన గడ్డేడిదన్నా?"

"నా గడ్డివాము లేదా? ఒక మోపు తీస్కో!"

చేను గట్టున ఉన్న ఆ వాము తన రెండు బర్రెలకు ఎండాకాలం మేత. అది పోతే ఇంట్లో పాలు లేవు, పెరుగు లేదు. ఒక్క మోపే కదా అనుకున్నాడు. మంచివాడే పాపం, ముందుచూపే తక్కువ.

వాల్యాకు ఇచ్చి, పక్కనే నిలబడ్డ మరో కాపరి జగన్‌కు లేదంటే బాగుంటుందా? జగన్‌కు ఇచ్చాక హరిలాల్ చేసుకున్న పాపమేమిటి? సమ్మయ్య పశువులకు విందు పెడుతున్నాడన్న కబురు మధ్యాహ్నానికి పొరుగూరు చేరింది. అక్కడి మందలూ వచ్చేశాయి. వాటిని ఆపాల్సినవాడు, ఏ ఆవు డొక్క కాస్త లోతుగా కనిపించినా "ఇంకింత పెట్టుండ్రి, సచ్చిపోతది!" అని తానే మోపులు లాగి వేశాడు.

పొద్దు వాలేసరికి పశువులన్నీ చేలో పడుకుని నెమరు వేస్తున్నాయి. ఒక్కటీ చొప్పను మూతితో తాకలేదు. తిరుగుదారిలో ఆగిన హర్షిణి "శభాష్ పెద్దయ్యా! గింత జాగ్రత్త నేనేడ చూడలే" అంది. వాల్యా చేతులెత్తి మొక్కాడు. సమ్మయ్యకు కళ్లు చెమర్చాయి.

అప్పుడే, మానుకోట అంగడికి పోయి వచ్చిన భార్య కౌసల్య, ఇంటి దగ్గర కట్టేసి ఉన్న రెండు బర్రెలనూ తోలుకొచ్చింది. బోసిపోయిన వాము జాగాను చూసింది, మొగుణ్ని చూసింది.

"పొద్దటికెల్లి పస్తున్నయి. ఇగ గడ్డి కూడ లేకపాయె. చేన్లకన్న ఇడువనా?"

"వద్దే, వద్దు! ఆకలి మీదున్నయి!" అంటూ సమ్మయ్య రెండు చేతులూ చాచి అడ్డంపడ్డాడు.

తిట్టబోయిన కౌసల్యకు ఆ అవతారం చూసి నవ్వు ఆగలేదు.

ఇన్ని మందల్లో ఆ చేలోకి పోకూడని పశువులు రెండే మిగిలాయి. అవి చేను గలాయనవి.