శామీర్‌పేట చెరువులో ఎర్రగీత

ఓడలకు సురక్షిత మార్గం చూపించే మహత్కార్యం సముద్రం లేని చోటే మొదలుకావాలని పెద్దలు నిర్ణయించారు! ఆ విధంగా 1998లో శామీర్‌పేట చెరువుకు 'సురక్షిత జలమార్గ నిర్ణయ సంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు మధుసూదన్ గారు, గుమాస్తాను నేను. మా ఇద్దరికీ ఈత రాదు. కాబట్టి భద్రత విలువ మాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఓడలంటే ఉన్నది ఒకటే, కొత్త ఇంజను పడవ. దసరాకు మంత్రిగారు ప్రారంభించాలి. వానలకు చెరువు నిండుగా ఉంది. మేం కట్ట మీద కుర్చీలు వేయించుకుని సర్వే చేశాం. నీటి పైన రాళ్లేవీ కనబడలేదు గనుక రాళ్లు లేవని రాసుకున్నాం. మధుసూదన్ గారు మ్యాపు మీద స్కేలు పెట్టి ఎర్రగీత గీశారు.

"ఆ తేలేవి ఏమిటయ్యా?" అని అడిగారాయన.

"సొరకాయ బుర్రలు సారూ," అన్నాడు చేపలు పట్టే గండయ్య. "కింద రాతిగుండ్లున్నయి. వలలు చినుగొద్దని గుర్తులు గట్టుకున్నం. గీ గీత సక్కగ పెద్దగుండు మీదికెళ్లే పోతాంది!"

"ప్రభుత్వ మ్యాపులో గుండు లేదు! మంత్రిగారి దారిలో సొరకాయలా? సాయంత్రంలోగా తీసెయ్. లేకపోతే నీ చేపల పర్మిషన్ రద్దు!"

గండయ్య ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పర్మిషన్‌తోనే. భార్య బాలనర్సమ్మ అంది: "తీసెయ్యయ్యా. గుండు యాడికి పోతది? సారే పోయి సూస్తడు." చీకటి పడేలోగా గండయ్య బుర్రలన్నీ విప్పేశాడు.

దసరానాడు మంత్రిగారు తెలివిగా కట్ట మీది నుంచే జెండా ఊపారు. పడవెక్కింది మేమిద్దరం, నడిపేవాడు. పడవ ఎర్రగీత నుంచి అంగుళం కూడా తప్పలేదు. గుండూ తప్పుకోలేదు!

ధడాల్! కాళ్ల కిందికి నీళ్లొచ్చాయి. నడిపేవాడు ఈదుకుంటూ పోయాడు.

"గండయ్యా! జల్దీ రా!" మధుసూదన్ గారి నోట ఆ భాష వినడం నాకదే మొదలు.

గండయ్య తెప్ప తెచ్చి మమ్మల్ని లాక్కున్నాడు. "పరేషాన్ గాకుండ్రి సారూ. కదలకుండ కూసోండ్రి." నిజం చెప్పొద్దూ, అతని కాళ్లకు మొక్కాలనిపించింది. ఒడ్డు చేరాక, తడిబట్టల కన్నా ముందే ఆ బుద్ధి ఆరిపోయింది.

మర్నాడు నివేదిక వెళ్లింది: మార్గం సురక్షితం, ప్రయాణికులంతా క్షేమంగా ఒడ్డు చేరడమే రుజువు. వెంటే గండయ్యకు నోటీసు: "లైఫ్ జాకెట్లు లేని తెప్పలో ప్రభుత్వోద్యోగులను ఎక్కించినందున, నీ చేపల పర్మిషన్ రద్దు చేయడమైనది."

టైపు చేసింది నేనే, ఒక్క తప్పు లేకుండా. ఆ తెప్పలోకి అందరికన్నా ముందు దూకిందీ నేనే.