రన్‌వే మీద కల్లాపి

"కొల్లేటి ముంపు ప్రాంతమును గౌరవనీయ మంత్రివర్యులు శ్రీ లక్ష్మీకాంతం గారు ఆకాశమార్గమున స్వయముగా పరిశీలించెదరు. ప్రజలు తండోపతండములుగా విచ్చేసి తరింపవలెను."

ఈ కరపత్రం డిసెంబరులో అచ్చయింది. ముంపు అక్టోబరులో వచ్చి నవంబరులో వెళ్ళిపోయింది. తప్పు ముంపుదే. మంత్రిగారు వస్తారని తెలిసి కూడా కొన్నాళ్ళు ఆగలేకపోయింది. ఏలూరు నుంచి పత్రికకి వార్తలు రాసేవాణ్ణి కనక నేనూ తరించడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాను.

అక్కడ యుద్ధం రోజుల్లో వేసిన సిమెంటు రన్‌వే ఒకటుంది. యుద్ధం అయ్యాక విమానాలు రావడం మానేశాయి గానీ చుట్టుపక్కల రైతులు మానలేదు. కోతలయ్యాక ధాన్యం ఎండబెట్టుకోవడానికి అంత మంచి కళ్ళం జిల్లాలో మరొకటి లేదు.

స్వాగత సంఘం అధ్యక్షులు నరసరాజు గారు వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు ఆశిస్తున్న పెద్దమనిషి. ఆయన ముందుగానే వచ్చి ధాన్యం అంతా ఎత్తెయ్యమన్నారు. బళ్ళున్నవాళ్ళు తోలుకుపోయారు. పాపాయమ్మకి బండి లేదు. ఆవిడది కొల్లేటి ఒడ్డున ఊరు. చేను ముంపులో పోతే పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికి కోతలకి వచ్చింది. కూలికి వచ్చిన ధాన్యమే మళ్ళీ కోతల దాకా వాళ్ళ తిండి. దాన్ని రన్‌వే చివరికంటా ఊడ్చుకెళ్ళి, కుప్ప పోసి, చాప కప్పింది.

"మంత్రిగారు మొదటిసారి మన నేల మీద కాలు పెడుతున్నారండీ" అన్నారు నరసరాజు గారు నాతో. "ఒట్టి సిమెంటు మీద దింపితే ఏం మర్యాదండీ?"

అందుచేత ఆ ఉదయం రన్‌వే అంతా పేడనీళ్ళు కల్లాపి చల్లించారు. ఊళ్ళో పశువులన్నీ సహకరించాయి. ఎండకి ఆరిపోతోందని మళ్ళీ చల్లించారు. ఆ తడి మీదే ముగ్గులు పెట్టించారు. పాపాయమ్మ కూడా వచ్చి చల్లింది. చల్లితే కుప్ప జోలికి రామన్నారట.

విమానం వచ్చింది. చిన్నదీ, ముచ్చటైనదీ. చక్కగా నేల మీద వాలింది. ఆ తరువాత ఆగాలి. ఆగలేదు. ముగ్గులు చెరిపేస్తూ, ఓసారి పక్కకి తిరిగి, మళ్ళీ ఎదరకి తిరిగి, బ్యాండు మేళాన్ని దాటి, స్వాగతపత్రం చదువుతున్న నరసరాజు గారిని దాటి, పాపాయమ్మ కుప్పలో ముక్కు దూర్చి ఆగింది. కుప్పకి అవతల కాలువ.

మంత్రిగారు తల నిండా వడ్లతో దిగారు. అక్షింతలనుకుని జనం తలో నాలుగు గింజలు వేశారు.

మర్నాడు ఏలూరులో విచారణ. విచారణాధికారి చలపతిరావు గారి నిష్పాక్షికత మెచ్చుకోదగ్గది. భోజనం నరసరాజు గారింట్లో చేసి వచ్చినా, పైలట్ సుందరాన్ని కూడా కూర్చోమన్నారు.

"ప్రమాదానికి కారణం?"

"కల్లాపండి. బ్రేకు వేస్తే చక్రాలు జారిపోయాయి."

"మీ ఇంటి ముందు కల్లాపి చల్లరా?"

"చల్లుతారండి."

"ఎప్పుడైనా జారిపడ్డారా?"

"నేనింటికి అరవై మైళ్ళ వేగంతో రానండి."

"అది మీ సొంత విషయం."

"ఆ కుప్పే లేకపోతే అందరం కాలవలో ఉండేవాళ్ళమండి."

"అంటే విమానం గుద్దుకున్నది కుప్పకేనని ఒప్పుకుంటున్నారు. మీరు వెళ్ళొచ్చు."

తరువాత పాపాయమ్మని పిలిచారు.

"రన్‌వే మీద ధాన్యం ఎందుకు పోశావు?"

"ఎండటానికండి. అందరూ అక్కడే పోస్తారండి."

"నిన్న ఇంకెవరిదీ లేదే?"

"ఆళ్ళకి బళ్ళున్నాయండి."

"నీకు బండి లేకపోతే ప్రభుత్వం ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యక్కర్లేదండి. నా గింజలు నాకిచ్చెయ్యండి బాబూ. నిన్న ఇమానం దూరినకాడ్నుంచి కుప్పని ముట్టుకోనివ్వటం లేదండి. పిల్లలు నిన్నట్నుంచి గంజినీళ్ళ మీదున్నారండి."

చలపతిరావు గారు కళ్ళు మూసుకుని ఆలోచించి తేల్చారు. శుభం కోరి చల్లిన కల్లాపి అశుభానికి కారణం కానేరదు. కాబట్టి కారణం ధాన్యమే. నేరం చేసిన ధాన్యం కనక బస్తాల్లోకి ఎత్తి, సీలు వేసి, సర్కారు స్వాధీనం చెయ్యాలి. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ తర్కంలో వేలు పెట్టే సందు లేదు.

ఆ ఆదివారం ఏలూరులో పెద్ద సభ జరిగింది. మంత్రిగారు ముంపు బాధితులకి స్వహస్తాలతో ధాన్యం పంచుతారని ప్రకటించారు. వేదిక మీదకి బస్తాలు వచ్చాయి. సీలు మంత్రిగారే విప్పారు. బాధితులే ఎవరూ రాలేదు. వాళ్ళ ఊళ్ళకి ఇంకా దారి వెయ్యలేదు. నరసరాజు గారు నలుమూలలా వెతికించగా, తన గింజల కోసం విచారణ జరిగిన ఆఫీసు వరండాలోనే కూర్చున్న పాపాయమ్మ దొరికింది.

మంత్రిగారు ఆవిడ ఒళ్ళో కుంచెడు ధాన్యం పోశారు. ఫోటో తీశారు. పాపాయమ్మ ఒడిలోకి చూసుకుంది, బస్తాల వైపు చూసింది.

"మిగతాయండీ?" అంది.

మంత్రిగారి మనసు కరిగిపోయింది. ఆవిడ తల మీద చెయ్యి వేశారు.

"మళ్ళీ ముంపు రానీ అమ్మా, అప్పుడిస్తాం."

చప్పట్లు చాలాసేపు మోగాయి. నరసరాజు గారు కళ్ళు తుడుచుకున్నారు.