ప్రేరణ గారి సంతకం

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గంత పెద్ద మనసున్న చిత్రకారుడు ఒకడుండేవాడు. అది నేనే. ఉడతని. పెద్ద మనసన్నది కూడా నేను చెప్పుకున్నదే.

నా పద్ధతి తేలిక. పొద్దున్నే మోదుగపూలు నమిలి, ఆ రసంలో తోక ముంచి, చెట్టు బెరడు మీద బొమ్మ వేస్తాను. ఆ తర్వాత వాగులో తోక కడుక్కుంటాను. సరిగ్గా అప్పుడే ఎదురు కొమ్మ మీద లకుముకిపిట్ట వచ్చి వాలేది. నీలం రెక్కలు. కన్నార్పకుండా నావైపే చూపు. ఆ చూపు తలుచుకుంటే చాలు, మర్నాడు బొమ్మ వేసేటప్పుడు తోక వణికేది. నా గీతలన్నీ వంకరగా ఉండటానికి కారణం అదే.

ఆ ఏడు అడవి కళా పరిషత్తు చాటింపు వేసింది. నీటిరేవు దగ్గరి తెల్లబండ మీద బొమ్మ వేసే అవకాశం ఒక్కరికే! అడవంతా నీళ్ళకొచ్చే చోటు. అక్కడ నేను ఆ లకుముకి బొమ్మ వేస్తే, ఇక నోరు తెరిచి ఏమీ చెప్పక్కర్లేదు. ఆమెకే అర్థమైపోతుంది.

దరఖాస్తులో ‘మీ ప్రేరణ ఎవరు?’ అన్న గడికి జానెడు చోటిచ్చారు. నేను పదకొండు ఆకులు జతచేశాను. ‘ఆమె చూపు సోకితే లోకంలో ఆకలనేదే ఉండదు’ అని కూడా రాశాను.

గుమాస్తా నక్క ఆకులు తిరగేసింది.

“బాగుందయ్యా. ప్రేరణ సంతకం ఏదీ?”

“ప్రేరణ సంతకం పెడుతుందా అండీ?”

“పెట్టకపోతే మాకెలా తెలుస్తుంది? పోయినసారి కోతి, వెన్నెల అని రాసింది. వెన్నెల విచారణకి రాలేదు. కొట్టేశాం.”

మూడు రోజులు మాటలు కూడబలుక్కుని వాగు దగ్గరికెళ్ళాను.

“లకుముకి గారూ, ఇన్నాళ్ళూ మీరు నన్నే చూస్తున్నారు కదా...”

“నిన్నా? కాస్త పక్కకి జరుగు. నీ నీడ పడుతోంది.”

“మరి రోజూ నేను రాగానే ఎందుకొస్తారు?”

“నీ తోక రసం నీళ్ళలో కలవగానే, తినేదేదో పడిందనుకుని చేపపిల్లలు పైకొస్తాయి అబ్బాయ్. నాకు వేట తేలిక. ఇంతకీ ఆ తోకకేమైంది? జబ్బా?”

మంచిది పాపం. అడగ్గానే ఆ చేపల మాటే రాసి సంతకం పెట్టింది.

పరిషత్తు అధ్యక్షులు ఏనుగు గారు దాన్ని అందరి ముందూ గట్టిగా చదివారు. “ఇది చిత్రకళ కిందికి రాదు. చేపల శాఖ కిందికి వస్తుంది” అన్నారు. అప్పటికప్పుడే నియామకపత్రం ఇచ్చారు. రోజూ పొద్దున్నే వాగులో తోక ముంచాలి. అదే పని.

తెల్లబండ కాకికి దక్కింది. దాని ప్రేరణ అధ్యక్షుల వారే కాబట్టి సంతకం అక్కడికక్కడే దొరికింది. బండంతా నల్లగా పులిమింది. ఏనుగు గారిని బాగా దగ్గర్నించి చూస్తే అలాగే ఉంటారట.

ఇప్పుడు ఎదురు కొమ్మ మీద నలభై లకుముకులు వరసగా కూర్చుని కన్నార్పకుండా చూస్తున్నాయి. ఇంతమంది ఏ చిత్రకారుణ్ణి చూశారు?

నిన్న ఆమె పిలిచి మరీ చెప్పింది. “అబ్బాయ్, ఇవాళ ఎరుపు తగ్గింది.”

నా రంగుల్ని అంత శ్రద్ధగా గమనించేవాళ్ళు ఇంకెవరున్నారు? ఇంటికొచ్చి పన్నెండో ఆకు మొదలుపెట్టాను.

నీతి: మనసిచ్చినవాళ్ళ చూపు ఎటుందో కనుక్కోకండి, కనుక్కుంటే ఉద్యోగం వస్తుంది.