గంధవరంలో నీడల గుర్తింపు

అరవై అయిదేళ్ళు దాటినవాళ్ళు ఇల్లు కదలరాదన్న ఉత్తర్వు వచ్చిన పదకొండో రోజు ఉదయం, గంధవరంలో వృద్ధుల నీడలు వాళ్ళను ఇళ్ళలోనే వదిలేసి పార్కుకు నడకకు వెళ్ళాయి. ఉత్తర్వులో నీడల ప్రస్తావన లేదు కాబట్టి పురపాలక సంఘం వారం రోజులు ఊరుకుంది. తర్వాత, నీడలు ఆరడుగుల దూరం పాటించకుండా ఒకదాని మీద ఒకటి పడేలా కూర్చుంటున్నాయని ఫిర్యాదు అందింది. సిబ్బంది వచ్చి నలభై నీడలను చాపల్లా చుట్టి తీసుకెళ్ళి, కార్యాలయం గోడకు వరసగా ఆనించారు.

వాటిలో ఒకటి గుమ్మడి వీర్రాఘవులుది. వయసు డెబ్బై ఒకటి, ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. నీడ పార్కుకు వెళ్ళొచ్చిన రోజుల్లో వెనక గదిలో కూర్చునే కూనిరాగం తీసేవాడు. అది పట్టుబడ్డాక నాలుగు రోజులుగా నోరు విప్పలేదు, సరిగా తినలేదు. కొడుకు దయాకర్ డాక్టరుకు ఫోన్ చేస్తే, జ్వరం, దగ్గు లేవు కాబట్టి మనిషి ఆరోగ్యంగానే ఉన్నట్టని ఆయన తేల్చేశాడు.

నీడను విడిపించాలంటే ఇంట్లోవాళ్ళు వచ్చి గుర్తుపట్టి సంతకం చేయాలి. నాలుగో రోజు సాయంత్రం అయిదులోగా ఎవరూ గుర్తుపట్టనివాటిని బ్లీచింగ్ నీళ్ళు కొట్టి తుడిచేస్తారు. నీడ పోయిన మనిషికి ఏమీ కాదని, ఇక మాట్లాడడం మాత్రం ఉండదని నోటీసులో స్పష్టంగా రాశారు. అది చదివి, గడువు రోజు మధ్యాహ్నం దాకా ఏ ఇంటివాళ్ళూ రాలేదు.

దయాకర్ ఆ రోజు నాలుగున్నరకు వెళ్ళాడు. గోడ పొడవునా రెండుసార్లు నడిచాడు. పుట్టి పెరిగి ఒకే ఇంట్లో ఉన్నా, నాన్న ఎలా నిలబడతాడో అతనికి గుర్తు రాలేదు. చివరికి ఒకటి చూపించాడు.

"అది మా బీరువా నీడండీ," అంది గుమస్తా నళిని. "మనిషిది చూపించండి. కాస్త త్వరగా, మందు కొట్టేవాళ్ళు వచ్చేశారు."

దయాకర్‌కు తల కొట్టేసినట్టయింది. నాన్నకు వీడియో కాల్ చేశాడు. "నాన్నా, మీది ఏదో మీరే చెప్పండి. నాకు తెలీడం లేదు."

వీర్రాఘవులు తెర కేసి చూశాడు. మూడో నీడ కాళ్ళు ఎడంగా పెట్టి, కదలని నేల మీద కూడా కుదుపులకు కాసుకుని నిలబడి ఉంది. దాని పక్కన, కుర్చీ లేకుండానే కూర్చున్న నీడ డ్రైవరు మస్తాన్ వలీది. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే బస్సులో పనిచేశారు. వలీ కోసం ఎవరూ రాలేదు.

"నాదొక్కటే ఎందుకురా?" అన్నాడు వీర్రాఘవులు, బొంగురు గొంతుతో. నాలుగు రోజుల తర్వాత ఆ గొంతు విని దయాకర్ కళ్ళు చెమర్చాయి. "ఫోను పైకెత్తి పట్టుకో. లోపలికి జరగాలమ్మా! మధ్యలో అంతా ఖాళీయే, జరగాలి, జరగాలి!"

నలభై నీడలు రెండు వరసలుగా సర్దుకున్నాయి. ముందు వలీ నీడ కూర్చుని గేరు వేసింది.

"ఆగు వలీ, ఇంకొకరు ఎక్కుతున్నారు... ఆ, రైట్ రైట్!"

నళిని ఫైలు తిరగేసింది. ఇప్పుడిది వాహనం నీడ కిందికి వస్తుందని, వాహనాలు తమ పరిధి కాదని నిర్ధారించుకుని గేటు తీయించింది. మందు కొట్టేవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. బస్సు ఊరంతా తిరిగింది. ఆ సాయంత్రం నలభై ఇళ్ళలో ముసలివాళ్ళు ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టి, ఎంత బతిమాలినా ఆపలేదు. ఫిర్యాదులు వెళ్ళాయి. ఆ ఫిర్యాదులకు నమూనా పత్రం లేదని నళిని తిప్పి పంపింది.

దయాకర్ ఇల్లు చేరేసరికి వరండాలో ఇంకా ఎండ ఉంది. నాన్న ఇడ్లీ తింటున్నాడు. దయాకర్ కాళ్ళ దగ్గర మాత్రం ఏమీ లేదు. ఫోనులో పురపాలక సంఘం నిబంధనలు చూస్తే, పోయిన నీడ కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి అరవై అయిదేళ్ళు నిండాలని ఉంది. అతనికి నలభై రెండు.

"నాన్నా, నాది కనపడ్డం లేదు."

"చివర్లో పరిగెత్తుకొచ్చి ఎక్కింది నీదేగా. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను, కంగారుపడకు," అన్నాడు వీర్రాఘవులు. "ఎన్నాళ్ళయిందిరా నువ్వు ఎవరితోనైనా మాట్లాడి?"

దయాకర్ ఆలోచించాడు. లెక్క తేలలేదు. కుర్చీ లాక్కుని నాన్న పక్కన కూర్చున్నాడు.