మలేషియాకు ఒడిబియ్యం

శనివారం పొద్దున్నే రాఘవేందర్ రెండు చేతిసంచులను తన దుకాణానికి తీసుకెళ్ళి తూచాడు. వనపర్తిలో అతనిది మోటార్ వైండింగ్ దుకాణం. రాగితీగ తూచే కాటా మీద పెట్టి చూస్తే ఒక సంచి కొద్దిగా మొగ్గింది. అతను సబ్బును సగానికి కోసి, రెండో దువ్వెన తీసి పక్కన పెట్టాడు. ఒక ఇంటికి ఒక దువ్వెన చాలని భార్య మాలతికి నచ్చజెప్పాడు. విమానం వాళ్ళు మనిషికి ఏడు కిలోలే ఉచితమన్నారు. అంతకు మించి ఒక్క చెంచా బరువుకు కూడా డబ్బు కట్టకూడదన్నది అతని పట్టుదల.

పెళ్ళైన కొత్తలో అతను మాలతిని విహారయాత్రకని బీచుపల్లి తీసుకెళ్ళాడు. కృష్ణలో మునిగి, ఇంటినుంచి కట్టుకుపోయిన పులిహోర తిని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చారు. మాలతి ఆ రోజు ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడేళ్ళూ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడాన్ని ఇక భరించలేకే అతను మలేషియాకు టికెట్లు తీశాడు. ఆమెను సంతోషపెట్టాలని అతనికి నిజంగానే ఉంది. ఆ సంతోషం కాస్త చవకగా దొరికితే బాగుండునని కూడా ఉంది.

పొద్దున గద్వాల వెళ్ళి అత్తగారికి చెప్పి రావడం, మధ్యాహ్నం అక్కడే బస్సెక్కి శంషాబాద్‌లో దిగడం, పొద్దుగూకాక విమానం ఎక్కడం, ఇదీ పథకం. అత్తగారు జములమ్మ వానాకాలమంతా దవాఖానలో ఉండి, ఈమధ్యనే ఇల్లు చేరింది. ఆమెను చూడకుండా సముద్రం దాటనని మాలతి ముందే చెప్పింది.

తీరా గద్వాలలో గడప దాటేసరికి నట్టింట్లో పీట వేసి ఉంది. వాడకట్టు ముత్తైదువలు చాప మీద కూర్చుని ఉన్నారు. గంపలో పసుపు కలిపిన బియ్యం, పళ్ళెంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు ఉన్నాయి. ఒడిబియ్యం. పెళ్ళైన బిడ్డకు పుట్టింటివాళ్ళు ఒడి నింపితే, ఆ బియ్యాన్ని ఆమె నడుముకు కట్టుకుని అత్తవారింటికి తీసుకెళ్ళి, అక్కడ వండి నలుగురికీ పెట్టాలి. దారిలో వదిలెయ్యకూడదు, పారెయ్యకూడదు. మలేషియాకు పోయేవాళ్ళ సంగతి మాత్రం ఆ ఆచారం పెట్టినవాళ్ళు చెప్పలేదు.

"దవాఖానల పండుకున్నప్పుడే అనుకున్న బిడ్డా," అంది జములమ్మ. "లేస్తనో లెవ్వనో తెల్వదు, లేస్తె మాత్రం మొదలు నీ ఒడి నింపాలె అని."

మాలతి కళ్ళు నిండాయి. రాఘవేందర్ కళ్ళు గంప మీద ఉన్నాయి. అతని చూపు కూడా కాటాలాంటిదే, బియ్యం ఎంత తూగుతాయో చూడగానే తెలిసిపోయింది. ముత్తైదువలు దోసిళ్ళతో పోస్తున్నకొద్దీ అతని గుండె బరువెక్కింది. అంతా అయ్యాక మెల్లగా, మూటను ఇక్కడే ఉంచితే తిరిగొచ్చాక తీసుకుపోతామన్నాడు.

జములమ్మ నొచ్చుకోలేదు. "ఒడిల పోసింది అత్తగారింట్ల పొయ్యెక్కాలె అల్లుడా. నువ్వు యాడుంటే అదే నా బిడ్డకు అత్తగారిల్లు. మలేషియాల నువ్వుంటవు గద?"

ఉండనని అనడానికి వీల్లేదు. టికెట్లు తీసింది అతనే.

బస్సులో అతను మళ్ళీ ఆ మాట ఎత్తబోయాడు. మాలతి కిటికీలోంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "మా అమ్మ సావు నోట్లకెల్లి లేసొచ్చి పోసిన బియ్యం ఇవి. మూట రావద్దంటే నేను గూడ రాను. నువ్వొక్కనివే పోయి తిరిగి రా." బీచుపల్లి మౌనం కంటే ఈ మాటే అతనికి ఎక్కువ భయం పుట్టించింది.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గర సంచులు సరిగ్గా తూగాయి. అక్కడున్న అమ్మాయి చూపు మాలతి చీర కుచ్చిళ్ళ మీద, నడుముకు కట్టిన ఎత్తైన మూట మీద ఆగింది. అది మూట అని ఆమెకు తెలియదు. ముఖమంతా నవ్వు పరుచుకుంది. గొంతు తగ్గించి, ఎన్నో నెల అని అడిగింది.

మాలతి చెప్పబోయింది. రాఘవేందర్ గట్టిగా దగ్గాడు. అతను అబద్ధం ఆడలేదు, ఆ మాట ఒట్టేసి చెబుతాడు. తల వంచుకుని సిగ్గుపడ్డాడంతే. తూకం లేకుండా మూట గట్టెక్కుతుంటే మధ్యలో నిజం చెప్పి చెడగొట్టడం దేనికి అనుకున్నాడు. ఆ అమ్మాయి ఐదో నెల కాబోలని తనే అనుకుని, కాళ్ళు చాపుకునే ముందు సీట్లు ఇద్దరికీ ఉచితంగా ఇచ్చి, చక్రాల కుర్చీ కూడా తెప్పించింది. రాఘవేందర్ ఆ సీట్ల ధర ఎంతో ముందే చూసి ఉన్నాడు కనుక, ఆ క్షణాన అతనంత సుఖంగా ఉన్న మనిషి శంషాబాద్‌లో మరొకరు లేరు.

ఆ సుఖం వెనక్కి తిరిగేవరకే. వెనక వరుసలో, ఆ మాటలన్నీ విని, భానుప్రకాశ్ నిలబడి ఉన్నాడు. వనపర్తిలో అతని దుకాణం పక్కనే ఎరువులు అమ్మే భానుప్రకాశ్. ఎరువుల కంపెనీవాళ్ళు డీలర్లను బ్యాంకాక్ తీసుకుపోతున్నారట. "ఒక్క మాట గూడ చెప్పకపోతివి అన్నా," అంటూ రాఘవేందర్ చేతులు పట్టుకుని ఊపేశాడు. చక్రాల కుర్చీలో ఉన్న మాలతికి దండం పెట్టి, ఒక ఫోటో తీసుకున్నాడు. వాళ్ళు సోదాల దగ్గరికి చేరేలోపే ఆ ఫోటో వనపర్తిలోని కాలనీ వాట్సాప్ గుంపులోకి, అక్కడినుంచి కాలనీలో ఉన్న గద్వాల ఆడపడుచుల ఫోన్లలోకి వెళ్ళిపోయింది.

సోదాల్లో తెర చాటున మూట విప్పక తప్పలేదు. అక్కడి ఆడ ఉద్యోగి బియ్యం చూసి, ఒడిబియ్యమని తెలుసుకుని, కళ్ళకద్దుకుంది. కుడుకలు చూసి మాత్రం తల అడ్డంగా ఊపింది. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుందని, అంటుకుంటుందని, విమానంలోకి తేనివ్వరని చెప్పి పక్కనున్న చెత్తడబ్బా చూపించింది. అమ్మ చేత్తో పోసిన కుడుకలు చెత్తలో వెయ్యడమా అని మాలతి కదలకుండా నిలబడిపోయింది. ఆ ఉద్యోగికి జాలేసింది. విమానంలోకి పోకూడదు గాని కడుపులోకి పోవడానికి అడ్డం లేదని, ఇవతలే తినేసి వెళ్ళమని దారి చూపింది.

మాలతికి శనివారం ఒక్కపొద్దు. ఆ ఒక్క పూటా గద్వాలలోనే తినేసింది. ఇక మిగిలింది రాఘవేందర్.

మొదటి కుడుక బాగానే ఉంది. రెండోది తింటూ, విమానంలో తిండి కొనే ఖర్చు తప్పిందని లెక్క వేసుకున్నాడు. నాలుగో దానికి దవడలు పట్టేశాయి. పళ్ళెంలో ఎన్ని ఉన్నాయో గద్వాలలో చూడకపోయినందుకు తనను తాను తిట్టుకున్నాడు. చక్రాల కుర్చీ తోసే మనిషి ఇంత సేపా అన్నట్టు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. చివరికి రాఘవేందర్ నడక చూస్తే, చక్రాల కుర్చీ ఎవరికి అవసరమో ఎవరైనా చెప్పగలిగేట్టు ఉంది.

కౌలాలంపూర్‌లో వాళ్ళు దిగింది పది మందికి ఒక వంటిల్లు ఉన్న చవక హాస్టల్లో. పొద్దున్నుంచి రాఘవేందర్ స్నానాలగదికీ మంచానికీ మధ్యే తిరుగుతున్నాడు. ఫోన్ తెరిస్తే శుభాకాంక్షలు వరదలా వస్తున్నాయి. అంతలో మాలతికి గద్వాల నుంచి అమ్మ ఫోన్ వచ్చింది, ఆమె స్పీకరులో పెట్టింది. తలుపు వెనకనుంచి అతనికి ప్రతి మాటా వినపడుతోంది.

"వాంతులు అయితున్నయా బిడ్డా?"

మాలతి స్నానాలగది తలుపు వైపు చూసింది. "అయితున్నయమ్మా. పొద్దటి సంది ఒక్క తీరుగ."

"పడనిదేమన్న తింటిరా?"

"కుడుకలు."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ముసలామె ఆనందంతో ఏడుస్తోందని రాఘవేందర్‌కు అర్థమైంది. తర్వాత వణికే గొంతుతో జములమ్మ, ఫోటో చూసినప్పటినుంచి మోకాళ్ళ నొప్పి మరిచిపోయానని, తిరిగి రాగానే ముందు గద్వాలకే రావాలని చెప్పి పెట్టేసింది. రాఘవేందర్ నీరసంగా బయటికి వచ్చి, అమ్మకు నిజం చెప్పెయ్యమని మాలతిని బతిమాలాడు.

"నోరు మూసుకున్నది నువ్వు," అంది మాలతి. "తెరిచేది గూడ నువ్వే."

ఒడిబియ్యం ఆ సాయంత్రమే పొయ్యెక్కాయి. మాలతి హాస్టల్లోని ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, పరమాన్నం వడ్డించింది. ఫిలిప్పీన్స్ నర్సులు, జావా నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు, గదులు ఊడ్చే నేపాలీ ఆమె, అందరూ తిన్నారు. రాఘవేందర్‌కు అదే బియ్యం గంజి. మర్నాటినుంచి ఆ ఆడవాళ్ళు మాలతిని వెంటేసుకుని జంట గోపురాలు, గుహలో గుడి, రాత్రి బజారు అన్నీ తిప్పారు. దానికి ఒక్క పైసా ఖర్చు కాలేదు. అతను అన్ని రోజులూ మంచం మీద పడుకుని, అత్తగారి సంతోషం గురించే ఆలోచించాడు. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి. ఆమె మొహంలోని వెలుగును తన నోటితోనే ఆర్పెయ్యాలి. ఆ సిగ్గు ముందు కడుపునొప్పి ఎంతో నయం. ఎప్పుడూ ఖర్చుకు తప్ప దేనికీ బాధపడని మనిషి, ఆ మూటకు డబ్బు కట్టేసి ఉంటే ఎంత బాగుండేదని మొదటిసారి అనుకున్నాడు.

వాళ్ళు తిరిగొచ్చి గద్వాల చేరేసరికి జములమ్మ వసారాలో కూర్చుని తమలపాకులు నములుతోంది. రాఘవేందర్ సంచి దింపకుండానే నిలబడి చెప్పేశాడు.

"అత్తమ్మా, అది కడుపు గాదు. బియ్యం మూట. లగేజీకి పైసలు అడుగుతరని నేను నోరు మూసుకున్న. తప్పు నాదే, మాలతిది ఏం లేదు."

జములమ్మ నమలడం ఆపలేదు. "తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఫోటో నాకు గూడ వచ్చింది గద. మూట కట్టింది నేను. నా ముడి నేను గుర్తువట్టనా?"

తలుపు చాటున మాలతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫోన్లో ఆనాటి నిశ్శబ్దం ఏడుపు కాదని రాఘవేందర్‌కు అప్పుడు తెలిసింది. మరి మోకాళ్ళ నొప్పి సంగతేమిటని అమాయకంగా అడిగాడు. నవ్వీ నవ్వీ మరిచిపోయానంది అత్తగారు.

కొంతసేపటికి ఆమె గొంతు మెత్తబడింది. "మనుమడో మనుమరాలో, వచ్చేటోళ్ళు వచ్చినప్పుడు వస్తరు. దానికి ఎవ్వరు పరేషాన్ గావద్దు. నా బియ్యం పది మంది తిన్నరు, నాకు అదే సాలు." ఆగి, లోపలికి చూపించింది. "కానీ ఒడిల పోసిన కుడుకలు ఇల్లు చేరకపాయె. అది నా మనసుకు వట్టలేదు."

లోపల గోడకు ఆనించి బస్తా ఉంది. అల్లుడికి కుడుకలంటే పానమని చెప్పి, వాడకట్టంతా తిరిగి అడిగి తెచ్చిందట.

వనపర్తి బస్సులో మాలతికి ఆడవాళ్ళ ఉచిత టికెట్టు వచ్చింది. కండక్టరు బస్తాను కాలితో తట్టి చూసి, కుడుకలేనా, ఒళ్ళో పెట్టుకుంటే టికెట్టు అక్కర్లేదని పెద్ద మనసుతో చెప్పాడు.

"ఒద్దన్నా," అన్నాడు రాఘవేందర్. "టికెట్టే కొట్టు."

లగేజీకి టికెట్టు బతిమాలి మరీ కొన్నవాణ్ణి కండక్టరు తన సర్వీసులో చూడలేదు కనుక, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.