ధౌతశాలకు మురికి బట్టలు కావలెను

నగరంలో ఇకమీదట ఎక్కడ మురికి బట్ట కనిపించినా దాన్ని తన వ్యక్తిగత అవమానంగా భావిస్తానని వస్త్ర పరిశుభ్రత శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఊరికే నోటికొచ్చింది అనే మనిషి కాదాయన. నగరవాసుల బట్టల సమస్యను ఒక పూటంతా కూర్చుని అధ్యయనం చేశారు. ఈ ఇరుకు ఫ్లాట్లలోకి వాషింగ్ మెషిన్ రావాలంటే ఇంట్లోంచి ఒక మనిషి బయటికి పోవాలని గ్రహించారు. వంటగదిలో పెట్టుకున్నవాళ్ళకు పొయ్యి మీద గిన్నెలు ఎగురుతున్నాయి. బాల్కనీలో పెట్టుకున్నవాళ్ళ నురగ కింది ఫ్లాటువాళ్ళ నెత్తిన పడుతోంది. బాత్రూములో పెట్టుకున్నవాళ్ళు మెషిన్ స్నానం అయ్యేదాకా తలుపు బయట తువ్వాలుతో నిలబడుతున్నారు. మెషిన్ లేనివాళ్ళు ఫోనులో లాండ్రీ బుక్ చేసుకుంటే ఎవరివో చొక్కాలు వస్తున్నాయి, సైజు సరిపోతే నోరు మూసుకుని తొడుక్కుంటున్నారు.

దీనికంతటికీ మంత్రిగారు కనిపెట్టిన మందు ప్రజా ధౌతశాల, అంటే అందరి బట్టలూ ఉతికే చోటు. ఒక పెద్ద గది, పది మెషిన్లు, ప్రజలందరూ. ధౌతశాల అంటే ఏమిటో తెలియక, ప్రకటన వెలువడిన మొదటి వారం కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పించడానికి దరఖాస్తులు పట్టుకొచ్చారు. శాఖవారు వాటిని కూడా స్వీకరించి నంబర్లు వేశారు.

ఇంత మహత్కార్యమూ చివరికి ఒక గుమాస్తా నెత్తిన పడింది. పాపం, అతని కష్టం వేరే ఉంది. ధౌతశాల గదికి ఆనుకుని ఒక లాండ్రీ షాపు ఉంది. ధౌతశాల చరిత్రను ప్రదర్శించడానికి ఆ గది కావాలని, ప్రారంభోత్సవం జరిగిన మూడు రోజుల్లోగా ఖాళీ చేయాలని శాఖ నోటీసు ఇచ్చింది. ఇంకా మొదలుకాని ధౌతశాలకు చరిత్ర ఏమిటని ఎవరూ అడగలేదు. నోటీసు టైపు చేసింది గుమాస్తా. షాపు నడిపేది అతని అత్తగారు. ఇరవై ఏళ్ళుగా రెండు తొట్లు, ఒక పాత మెషిన్, ఒక ఇస్త్రీ పెట్టె పెట్టుకుని ఆవిడ ఆ గదిలోనే బతికింది, కూతుర్ని పెంచింది, పెళ్ళి చేసింది. ఆ కూతురు మూడు రోజులుగా మొగుడితో మాట్లాడటం మానేసి, చెప్పవలసినవన్నీ గోడకు చెబుతోంది.

గుమాస్తా వెళ్ళి డైరెక్టరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టరుగారిది జాలి గుండె. ప్రారంభోత్సవం ఒక్క అపశ్రుతి లేకుండా జరిగితే, మంత్రిగారు సంతోషంగా ఉన్న క్షణం చూసి, నోటీసు రద్దు చేయమని తానే కాగితం పెడతానన్నారు. కాగితం రాయించి జేబులో కూడా పెట్టుకున్నారు. జరగకపోతే దాన్ని చింపేస్తానని కూడా ముందే చెప్పారు.

రిబ్బను వచ్చింది. కత్తెర వచ్చింది, దాంతో తెగకపోతే వాడటానికి రెండో కత్తెరా వచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు. శిలాఫలకంలో తన పేరు మూడో వరుసలో చెక్కారని నీటి శాఖ మంత్రిగారు అలిగి, పైపు కలపనివ్వలేదు. నీళ్ళది చిన్న విషయమని, తర్వాత చూసుకోవచ్చని డైరెక్టరుగారు ధైర్యం చెప్పారు. అసలు కొరత మురికి బట్టలది. మెషిన్‌కు ఒక బుట్ట చొప్పున పది బుట్టల ప్రజల మురికి బట్టలు, మంత్రిగారు స్వహస్తాలతో వేయడానికి, ఎల్లుండి ఉదయానికల్లా కావాలన్నారు.

ఇంత పెద్ద నగరంలో మురికి బట్టలకేం కరువని గుమాస్తా ఉత్సాహంగా బయల్దేరాడు. మొదటి ఫ్లాటావిడ తమ ఇంట్లో అసలు బట్టలు మాసిపోవని చెప్పింది. ఆవిడ వెనక కుర్చీ మీద బట్టల గుట్ట కిటికీకి అడ్డంగా పెరిగి ఉంది. రెండో అంతస్తులో రిటైర్డు హెడ్మాస్టరు సహకరిస్తానని మాటిచ్చి, మర్నాడు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన బట్టలు తెచ్చి చేతిలో పెట్టాడు. మంత్రి చేతికి మాసిన బట్టలు ఎలా ఇస్తామయ్యా, మాకూ పరువుందని కోప్పడ్డాడు కూడా. ఆరు అంతస్తులు ఎక్కి దిగేసరికి గుమాస్తా దగ్గర ఉన్న మురికి బట్టలు అతని ఒంటిమీదివి మాత్రమే.

ఇక గతిలేక అత్తగారి షాపు గడప తొక్కాడు.

"అత్తయ్యగారూ, ఒక పది మూటల మురికి బట్టలు కావాలి. రేపొక్క రోజుకే."

"నోటీసు మీరే టైపు చేశారటగా అల్లుడుగారూ," అంది ఆవిడ ఇస్త్రీ ఆపకుండా. "రెండుసార్లు చదివించుకున్నాను. ఒక్క తప్పు లేదట. మా అమ్మాయిని మంచి పనిమంతుడికే ఇచ్చాను."

గుమాస్తా సిగ్గుతో చచ్చిపోయాడు. డైరెక్టరుగారి జేబులోని కాగితం సంగతి నేల చూపులు చూస్తూ చెప్పుకొచ్చాడు. ఆవిడ అంతా విని, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మూలనున్న మూటల్ని ఒక్కొక్కటే అతని ముందుకు దొర్లించింది. అవి ఖాతాదార్ల బట్టలనీ, ఒక్క గుండీ ఊడినా మంత్రి ఊరుకుంటాడేమోగాని తాను ఊరుకోననీ చెప్పింది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే ఆరోగ్యాధికారి తనిఖీకి వచ్చాడు. మూట విప్పి ఒక మేజోడు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. మాసిన బట్ట ఏదీ మంత్రిగారికి పది అడుగుల లోపలికి రావడానికి వీల్లేదని రూలు తీసి చూపించాడు. భద్రతాధికారి ఆ రూలును బలపరిచాడు. మరి మంత్రిగారు వాటిని స్వహస్తాలతో మెషిన్‌లో వేయాలి కదా అని గుమాస్తా నసిగాడు.

"వేస్తారు," అన్నాడు ఆరోగ్యాధికారి. "మురికి బట్టలే వేస్తారు. కాకపోతే అవి శుభ్రంగా ఉండాలి."

డైరెక్టరుగారికి ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉంది కాబట్టి వెంటనే అర్థమైంది. గుమాస్తా పది మూటలూ మోసుకుని మళ్ళీ పక్క గదికి పరిగెత్తాడు. అత్తగారు కారణం అడగలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తన కుళాయి విప్పి, రెండు గంటల్లో అన్నిటినీ ఉతికి, సగం తడి ఫ్యాను కింద, మిగతా సగం ఇస్త్రీ పెట్టె కింద ఆరగొట్టింది. ఆరోగ్యాధికారి ఒక్కో చొక్కా వాసన చూసి, ఈ మురికి బట్టలు పరిశుభ్రంగా ఉన్నవని ధ్రువపత్రం రాసి ముద్ర కొట్టాడు.

మంత్రిగారు వచ్చారు. మొదటి కత్తెరకే రిబ్బను తెగింది. 'ప్రజల మురికి బట్టలు' అని రాసిన బుట్టలోంచి ఒక చొక్కా తీసి మడత విప్పి, మన ప్రజల మురికి కూడా ఎంత సువాసనగా ఉందో చూడండని విలేకరులకు చూపించారు. పది మెషిన్లలో బట్టలు పడ్డాయి. మీట నొక్కగానే పదీ గలగలమని తిరిగాయి. నీళ్ళ శబ్దం రాలేదని ఎవరికీ అనుమానం రాలేదు, బ్యాండు మేళం అంత బాగా వాయించింది. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే బట్టలు తెల్లగా మెరుస్తున్నాయి. తడి లేదు. ఇస్త్రీ మడత సైతం పూర్తిగా పోలేదు. ఆరబెట్టే శ్రమ కూడా ప్రజలకు తప్పించినందుకు మంత్రిగారు తమను తామే అభినందించుకున్నారు. డైరెక్టరుగారు జేబులోని కాగితం సగం పైకి లాగి, గుమాస్తా వైపు చూసి కన్ను గీటారు. గుమాస్తాకు ప్రాణం లేచి వచ్చింది.

సరిగ్గా అప్పుడే మంత్రిగారికి టీ ఇచ్చారు. ఆయన ప్రజాసేవ గురించి చెయ్యి విసిరి చెబుతూ ఆ టీని తమ తెల్లకోటు మీద ఒంపుకున్నారు. అందరూ కొయ్యబారిపోయారు. మంత్రిగారు మాత్రం పకపకా నవ్వి, ధౌతశాలలో నిలబడి మరకకు భయపడటమేమిటని కోటు విప్పి తామే మెషిన్‌లో వేశారు. పెద్ద మరకకు నలభై నిమిషాలు పడుతుందని డైరెక్టరుగారు భయపెట్టి చూశారు. ఆయన నలభై నిమిషాలూ ప్రసంగిస్తానన్నారు, అన్నమాట నిలబెట్టుకున్నారు. గుమాస్తా ఎలాగైనా ఆ కోటు పక్క గదికి దాటిద్దామని రెండుసార్లు మెషిన్ దగ్గరికి జరిగాడు. రెండుసార్లూ భద్రతాధికారి అతన్ని మర్యాదగా వెనక్కి నెట్టాడు.

కోటు బయటికి వచ్చింది. అంతసేపు దొర్లిన మీదట ఛాతీ మీది టీ వీపు దాకా పాకింది. అద్భుతం సార్ అన్నారు డైరెక్టరుగారు. మంత్రిగారు కోటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

"మరక పోలేదు," అన్నారు.

కళ్ళారా చూసిన విషయాన్ని చూసినట్టుగా ఆయన బహిరంగంగా చెప్పడం అదే మొదటిసారి. డైరెక్టరుగారు కాగితాన్ని జేబు అడుక్కంటా తోసేసి, మధ్యాహ్నానికల్లా విచారణ సంఘం వేశారు. సంఘంలో ఆయనా, ఆరోగ్యాధికారీ, భద్రతాధికారీ సభ్యులు. రాసుకోవడానికి గుమాస్తా.

మెషిన్లలో దోషం లేదని మొదటి పది బుట్టలూ రుజువు చేశాయి. నీళ్ళలో దోషం ఉండటానికి అవకాశం లేదు, అవి లేవు కనుక. దోషమంతా కోటుదేనని, అది ధ్రువపత్రం లేకుండా, మాసిన స్థితిలో లోపలికి వచ్చిందని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ఇలాంటివి మళ్ళీ జరగకుండా 'ఇచ్చట ఉతికిన బట్టలు మాత్రమే ఉతకబడును' అని బోర్డు పెట్టాలని తీర్మానించింది. అయితే ప్రజలు ముందుగా ఎక్కడ ఉతికించుకుని రావాలన్న ప్రశ్న దగ్గర సభ్యులు ముగ్గురూ ఆగిపోయారు. గోడ అవతల అత్తగారు ఎవరివో దుప్పట్లు బండకేసి బాదుతున్న చప్పుడు వినిపించింది.

గుమాస్తా తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి, అడగకుండానే నోరు తెరిచాడు.

"పక్కన ఒక షాపుంది సార్."

"అది ఖాళీ చేయిస్తున్నాం కదయ్యా," అన్నారు డైరెక్టరుగారు.

"ఇంకా మూడు రోజులు టైముంది సార్. ఈలోగా నోటీసు రద్దు చేసేయొచ్చు."

నోటీసు రద్దయింది. లాండ్రీ షాపును ధౌతశాల వారి పూర్వధౌత విభాగంగా గుర్తించారు. రద్దు ఉత్తర్వు మూడు కాపీలు టైపు చేసి, ఒకటి గుమాస్తా స్వయంగా తీసుకెళ్ళి అత్తగారికి ఇచ్చాడు. ఆవిడ దాన్ని తడి చేతులతో ముట్టుకోకుండా మేకుకు గుచ్చమంది. బయటికి వచ్చి కొత్త బోర్డు వంక చూసి ఏం రాశారని అడిగింది. అతను చదివి వినిపించాడు.

"నా దగ్గర ఉతికించుకున్నాక మళ్ళీ అక్కడికి ఎందుకు వెళ్ళాలి అల్లుడుగారూ?"

"ముద్ర కోసం అత్తయ్యగారూ."

ఆవిడ తలూపి లోపలికి పోయి పనిలో పడింది. ఆ రోజు గుమాస్తా ఇల్లు చేరేసరికి భార్య గోడను వదిలేసి, భోజనానికి లేవమని నేరుగా అతనితోనే చెప్పింది. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వారం తిరక్కుండా మంత్రిగారు కొత్త కోటులో విలేకరుల ముందుకు వచ్చారు. ప్రయోగం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైనందున నగరంలో మరో నలభై ధౌతశాలలు తెరుస్తున్నామన్నారు. అవి ఎక్కడెక్కడ రాబోతున్నాయని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు ఆ ప్రశ్నకు సంతోషించారు. ఈ విషయంలో రాజకీయ ఒత్తిళ్ళకు తలొగ్గే ప్రసక్తే లేదని, పూర్తిగా శాస్త్రీయంగానే స్థలాలను ఎంపిక చేస్తున్నామని చెప్పారు.

"ఎక్కడ మంచి లాండ్రీ షాపు ఉంటే, దాని పక్కన."